నల్ల గార్నెట్ జత

నవంబర్ 4

మధ్యాహ్నం నమాజు ముగించుకుని కొట్టు తీస్తుంటే హెడ్ కానిస్టేబుల్ ముత్యాలయ్య గారు వచ్చారు. నెల్లూరు ఆయన కాదు, కోట వైపు స్టేషనట. మెట్టు దగ్గర బూట్లు విప్పి లోపలికొచ్చి, జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి సాన బల్ల మీద పెట్టారు. కవర్లో మగవాళ్ల ఉంగరం. వెండి నల్లబడిపోయింది. రాయికి మాత్రం ఏమీ కాలేదు.

“చెంచయ్య ఆచారి కాడికి పోయినానమ్మా. ఈ అచ్చు ఉంగరాలు శానా చేసినా, ఎవురెవురికి చేసినానో గుర్తులేదన్నాడు. రాయికి పట్టిన సాన మటుకు జమాల్‌బీదే, ఆమె చేతిపని యాడున్నా పోల్చుకుంటానన్నాడు. మీదేనా?”

ఎక్కడ దొరికిందని అడిగాను. ముప్పయ్యో తారీకున కోట దగ్గర సముద్రపు ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చిందట. మగమనిషి. చాలా రోజులు నీళ్లలో ఉన్నాడట. మొహం చూసి పోల్చుకునే స్థితి లేదట. గుర్తు పట్టడానికి మిగిలింది ఈ ఉంగరం ఒక్కటే.

కవరు మీదనుంచే టార్చి వేసి చూశాను. ఎదురుగా నలుపు. పక్కకు వంచితే అంచులో దానిమ్మ రసం లాంటి చిక్కటి ఎరుపు. ఇలాంటి రాళ్లు జిల్లాలో వందుంటాయి. సైదాపురం మైకా గనుల దగ్గర గార్నెట్లు గులకరాళ్లతో కలిసి దొరుకుతాయి. రాయిని ఉంగరంలోంచి తీసి పరీక్ష చేస్తే తప్ప చెప్పలేనన్నాను. ఎస్సై గారి కాగితం తీసుకుని రేపు వస్తానని ఆయన వెళ్లిపోయారు.

కొట్టు తొందరగా కట్టేశాను. తమ్ముడికి ఫోన్ చేస్తే స్విచాఫ్. అజార్ ఫోన్ ఎప్పుడూ అంతే. మైపాడులో పడవ ఇంజన్ల కింద దూరి పని చేసేవాడికి ఛార్జింగ్ పెట్టుకోవడం ఎక్కడ గుర్తుంటుంది?

నవంబర్ 5

పరీక్ష సామానంతా అజార్‌ది. చెన్నైలో రాళ్ల కోర్సు చదివి వస్తూ తెచ్చుకున్నాడు. నాన్న పోయాక ముప్పయ్యేళ్లుగా కంటితో చూసే చెబుతున్నాను, నాకెందుకివన్నీ అనేదాన్ని. ఇవాళ దుమ్ము తుడిచి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను. పక్కన వాడి నోట్‌బుక్. ‘నల్ల గార్నెట్’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. వాడి అక్షరాలు బడికెళ్లే రోజులనుంచీ కుడివైపుకు పడిపోతుంటాయి.

ముత్యాలయ్య గారు స్టూలు మీద కూర్చున్నారు. కొక్కేలు మెల్లగా వంచి రాయిని బయటికి తీశాను.

మొదట వెలుగు పరీక్ష. దీపం మీద రెండు నల్లద్దాలు. పై అద్దాన్ని తిప్పి వెలుగు పూర్తిగా ఆగిపోయాక మధ్యలో రాయి పెట్టి తిప్పాలి. వాడు రాసింది: ‘గార్నెట్ వెలుగును రెండుగా చీల్చదు. ఎటు తిప్పినా చీకటిగానే ఉంటుంది. టూర్మలీన్ అయితే ఒక్క చుట్టులో నాలుగుసార్లు వెలిగి ఆరుతుంది.’

తిప్పాను. చీకటి. ఇంకొంచెం తిప్పాను. రాయిలో ఒక మూల మబ్బులా తెల్లగా కదిలింది.

“వెలిగింది సార్! ఇది గార్నెట్ కాదు” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆయన లేచొచ్చి తొంగి చూశారు. నోట్‌బుక్‌లో పేజీ తిప్పాను. వెనకవైపు ఎర్ర సిరాతో ఉంది: ‘జాగ్రత్త. కొన్ని గార్నెట్లలో లోపలి ఒత్తిడి వల్ల మబ్బులాంటి మెరుపు కనిపిస్తుంది. అది చూసి మోసపోకూడదు.’

తర్వాత అయస్కాంతం. థర్మోకోల్ ముక్క మీద రాయి పెట్టి గిన్నెలో నీళ్ల మీద వదిలాను. ఇనుము ఎక్కువున్న గార్నెట్ కదులుతుందని, గోమేధికం అంతగా కదలదని రాశాడు. అయస్కాంతం దగ్గరికి తెచ్చాను. కొంచెం సేపు ఏమీ లేదు. తర్వాత ముక్క మెల్లగా నా చేతివైపు రాసాగింది.

“ఓయబ్బా, పిలిస్తే వచ్చినట్టు వస్తా ఉండాదే!” అన్నారు ముత్యాలయ్య గారు.

చివర తూకం. గాలిలో ఒకసారి, దారం కట్టి నీళ్లలో ముంచి ఒకసారి. గాలిలో 1.64 గ్రాములు. నీళ్లలో 1.18. గాలి తూకాన్ని ఆ తేడాతో భాగిస్తే మూడున్నర చిల్లర. అది గోమేధికం లెక్క. ఇంక నేను చూడాల్సిందేమీ లేదనిపించింది. కాని ఆయన చూపించారు. “దారం గిన్నె అంచుకు తగల్తా ఉండాది చూడండమ్మా.”

సరిచేసి తూచాను. 1.24. నాలుగుకు కాస్త పైన. మళ్లీ తూచాను. అదే. నీళ్లు మార్చి తూచాను. అదే.

“తేలిందా?”

“గార్నెట్టే సార్. నేను సాన పట్టిందే.”

“ఎవురికి అమ్మినారు?”

బిల్లు పుస్తకం తీశాను. ఏప్రిల్ పన్నెండు. పెంచలకృష్ణ, రొయ్యల చెరువులు, కోట. ఆయన తొడ మీద చరుచుకున్నారు. “అతని పెళ్లాం పది దినాల కింద మా స్టేషన్లోనే కంప్లయింట్ ఇచ్చింది. రొయ్యలన్నీ తెగులొచ్చి చచ్చిపోతే, మొహం చూపించలేక ఇల్లిడిసి పోయినాడంట.” రాసుకుంటూ ఆగారు. “బిల్లులో గోమేధికం అని ఉండాదే?”

“గోమేధికం కూడా గార్నెట్ జాతే సార్” అన్నాను. అది నిజమే.

ఆయన అడిగినవాటికి జవాబు చెప్పాను. ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు.

నవంబర్ 6

అజార్ ఫోన్ స్విచాఫ్.

నవంబర్ 7

పొద్దుటినుంచీ వాన. పక్కింట్లో పరుపులు కుట్టే తాజుద్దీన్ అన్న దూది తడవకుండా పట్టా కప్పుకుంటూ, “జమాలూ, తమ్ముడు వస్తా ఉండాడా ఇంటికి?” అని అడిగాడు. నిన్ననే మాట్లాడాను, పని ఎక్కువగా ఉందట అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. ఏప్రిల్‌నుంచీ మేము మాట్లాడుకోవడం లేదని ఆయనకు తెలియదు.

పెద్ద గొడవేమీ కాదు. ఒక రాయి విషయంలో మాటా మాటా అనుకున్నాం. అక్కాతమ్ముళ్ల మధ్య ఉండేదే. వాడు పుట్టినప్పుడు నాకు పదిహేడేళ్లు. మూడో ఏట అమ్మ పోతే నేనే పెంచాను. వాడిమీద కోపం పడే హక్కు నాకుంది.

ఇవాళ వెన్నెలను మార్చురీకి తీసుకెళ్లి ఉంటారు. వెన్నెల అంటే పెంచలకృష్ణ భార్య. కంప్లయింట్ ఇచ్చినామె పేరు ముత్యాలయ్య గారు ఆ రోజే చెప్పారు. మంచి పేరు.

నవంబర్ 8

ముత్యాలయ్య గారు ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఉంగరం చూసి, మాదేనని గోడకు తల కొట్టుకుందట. ఎల్లుండి శవాన్ని అప్పగిస్తారట. ఇంకా ఏవైనా పరీక్షలు చేస్తారేమో అన్నాను. “ఎందుకమ్మా? మీరే రుజువు చేసిస్తిరి గదా” అన్నారు.

పాపం, చిన్నపిల్ల. అల్లా ఆ ఇంటికి ఓర్పునివ్వాలి.

నమాజు చదివి అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత చేపల పులుసు బాగా కుదిరింది.

నవంబర్ 9

మైపాడు వెళ్లాను. పని ఉండి కాదు, ఊరికే. బస్సు దిగి అజార్ ఎక్కడుంటాడని అడిగితే పరంజ్యోతి ఇల్లు చూపించారు. ఆమె ఇంటి వెనక రేకుల గదిలో అజార్ అద్దెకుంటున్నాడు. ఆమె చేపలు ఆరబెడుతూ చేయెత్తి నన్ను ఆపింది.

“మీరు అజార్ అక్క గదా? మొహం అట్టే ఉండాది. ఏందక్కా, తమ్ముణ్ణి మీ కాడే పెట్టుకున్నారు? ఒక ఫోనన్నా చేయబళ్లా నాకు?”

చేతిలోని చేప తట్టలో వేసి తనే చెప్పింది.

“పోయిన నెల ఇరవయ్యొకటో తేదీ, తెల్లారి, ఎవురో ఇంజను చూడమంటే పోతా ఉండానని పోయినాడు. తిరిగి రాలా. మీ ఇంటికి పోయినాడేమో అనుకున్నా. రెండు మూడు సార్లు అన్నాడులే, మా యక్కతో మాట్లాడాల అని.”

గది తెరిచి చూపించింది. బ్యాగు గూట్లో ఉంది. ఛార్జర్ గోడకు వేలాడుతోంది. కొత్త చొక్కా ఒకటి మడత విప్పకుండా ఉంది. బ్యాగు ఇక్కడే ఉందంటే తిరిగొస్తాడనేగా అర్థం అన్నాను. పరంజ్యోతి నావైపు చూసి, “అంతే గదక్కా” అంది.

ఇరవయ్యొకటి. శవం దొరికింది ముప్పయ్యిన. ఈ నెలల్లో నీటి వాలు దక్షిణానికి ఉంటుందని, ఇక్కడ జారిపోయిన వల ఏదైనా కోట వైపే తేలుతుందని బస్సులో ఒక ముసలాయన ఎవరితోనో చెబుతున్నాడు. నేను కిటికీ వేసేసి కూర్చున్నాను.

రేపు వాళ్లు దహనం చేస్తారు.

నవంబర్ 10

పొద్దున కొట్టు తీశాను. తాళం తీసి, మళ్లీ వేసి, బస్టాండుకు వెళ్లాను. పరామర్శకు వెళుతున్నాను అనుకున్నాను. మా కొట్టు రాయి కదా, వెళ్లడం మర్యాద. మనుబోలు దాటేవరకూ అలాగే అనుకున్నాను. గూడూరులో బస్సు మారేటప్పుడు దిగి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. రాలేదు.

కోటలో ఆటో ఎక్కి పెంచలకృష్ణ ఇల్లు అడిగితే, ఆటో అతను “మీరు కూడా అక్కడికేనా” అన్నాడు. ఇంటి ముందు ఇరవై ముప్పై మంది ఉన్నారు. ట్రాక్టర్ మీంచి కట్టెలు దించుతున్నారు. వాకిట్లో ఒక పెద్దావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పెంచలకృష్ణ తల్లి పిచ్చమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. నేను ఎవరో చెప్పగానే లోపలినుంచి వెన్నెల వచ్చింది. ఇరవై ఆరో ఏడో ఉంటాయి. నా చేయి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“నేనే మీ కాడికి రావాలనుకున్నానక్కా. ఒక్క మాట అడగతా, కోపం చేసుకోవద్దు.”

“అడుగమ్మా.”

“మార్చురీలో ఆ మనిషి కాళ్లు చూసినా. మా ఆయన కాళ్లు అట్టా ఉండవు. చెరువు గట్ల మీద తిరిగే కాళ్లు, మడమలు పగిలిపోయి ఉంటాయి. నీళ్లలో నానితే ఏ కాళ్లయినా అట్టే అవతాయి అంటా ఉండారు అందరూ. ఉంగరం ఉండాది గదా అంటా ఉండారు. ఉంగరం మాదే, నేను కాదనలా.” ఆమె గొంతు బాగా తగ్గించింది. “మీరు రాళ్లు తెలిసినోళ్లు. అట్టాంటి రాయి ఇంకొకటి ఉండే దానికి ఏమన్నా దారుందా అక్కా? లేదంటే లేదని చెప్పేయండి. ఇంక ఎవుర్నీ అడగను.”

“ఉంది” అన్నాను.

అన్నాక ఆ మాట నాకు వినిపించింది.

ఆమె మొహం ఎలా వెలిగిందో నేను చూడలేక, చెప్పవలసినదంతా నేలకేసి చూస్తూ చెప్పాను. మా నాన్నకు ఒక గని కూలీ ఇచ్చిన గార్నెట్ స్ఫటికం ఉండేదని, దాన్నే నేను రెండుగా కోసి జత చేశానని చెప్పాను. అదే కొలత, అదే తూకం, అవే పలకలు. పరీక్షలో అది ఏ రాయో తెలుస్తుంది గాని, జతలో ఏదో తెలియదు. రెండూ ఒకే రాయి. ఒకటి మీ ఆయనకు అమ్మాను. గోమేధికం అని అమ్మాను, అది గోమేధికం కాదు.

“రెండోది ఎవురి కాడుండాది?”

“నా తమ్ముడి వేలికి.”

“ఆయన యాడుండాడు?”

“తెలియదమ్మా. ఇరవై రోజులయింది.”

పొయ్యిమీద ఏదో ఎసరు పొంగింది. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. వెన్నెల దించలేదు.

“ఇది పోలీసోళ్లకి తెలుసా?”

“చెప్పలేదు.”

“తెలిసి తెలిసి మా ఇంటి అడ్రసు ఇచ్చినారా అక్కా?”

అవునన్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆమె తలుపు తోసుకుని వాకిట్లోకి వెళ్లి అరిచింది: “అత్తా! కట్టెలు దించొద్దని చెప్పు! ఎవురూ దించొద్దు!”

తర్వాత చాలా మంది చాలా మాటలన్నారు. ఎవరో నన్ను మోసకారి అన్నారు. పిచ్చమ్మ మాత్రం లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. “నిజంగా ఇంకొకటి ఉండాదా తల్లీ? నన్ను మరిపించేదానికి చెప్పలేదు గదా?” ఆ పోయిన గొంతుతోనే అడిగింది. ఉందమ్మా అన్నాను. ఆమె నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

వెన్నెల ఫోన్‌నుంచే ముత్యాలయ్య గారికి చెప్పాను. శవాన్ని అప్పగించకుండా ఆపుతానని, రేపు స్టేషన్‌కు రమ్మని ఆయన అన్నారు.

బస్సు కోసం నిలబడితే వెన్నెల వెనకే వచ్చింది. “మీ నంబరు ఇయ్యండి” అని రాసుకుంది. బస్సు కదిలేదాకా అక్కడే ఉంది.

నవంబర్ 11

స్టేషన్‌లో రాసిచ్చాను. ముత్యాలయ్య గారు నాకు కుర్చీ వేయలేదు.

“ఇంకొక పూట ఆగి ఉంటే కాల్చేసి ఉండేవోళ్లు గదమ్మా. మీ తమ్ముణ్ణి మీరే…” అని ఆపేసి, “సరే, ఎవురో ఏమో, ఇంకా తేలలేదులే” అన్నారు.

ఆస్పత్రిలో పిచ్చమ్మ నుంచి, నా నుంచి రక్తం తీసుకున్నారు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. పిచ్చమ్మకు సూదంటే భయమట, నా భుజం పట్టుకుంది. డీఎన్ఏ రిపోర్టుకు రెండు వారాలు పడుతుందట.

నవంబర్ 12

ఎవరూ చూడని పుస్తకంలో కూడా ‘ఒక రాయి విషయంలో’ అని రాశాను.

ఆ జత రాళ్లు అజార్ పెళ్లికోసం కోసినవి. పెళ్లి ఎప్పుడు కుదిరితే అప్పుడు, వాడి భార్యకు కమ్మలు చేయిద్దామనుకున్నాం. ఏప్రిల్‌లో పెంచలకృష్ణ వచ్చి రాహువుకు గోమేధికం కావాలన్నాడు. నా దగ్గర లేదు. లేదని చెప్పి పంపడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. జతలో ఒకటి తీసి, ఇది నల్ల గోమేధికం, దొరకడం కష్టం అన్నాను. అతను కళ్లు మూసుకుని దండం పెట్టుకుని తీసుకున్నాడు. ఉంగరానికి చెంచయ్య దగ్గరికి పంపాను.

సాయంత్రం అజార్ వచ్చి డబ్బీ తెరిచి చూశాడు. జత పోయిందని వాడు ఒక్క మాట కూడా అనలేదు. “ఆయన అడ్రసు ఇవ్వక్కా, రేపు పోయి నిజం చెప్పి వస్తా” అన్నాడు. కొట్టు పరువు తీస్తావా అన్నాను. “నువ్వు నేర్పిన పనే గదక్కా ఇది. రాయిని రాయి పేరుతో అమ్ముదాం” అన్నాడు.

నేను అన్నది ఇది: అంత నీతిమంతుడివి నా అన్నం ఎట్లా తింటున్నావురా ఇన్నేళ్లూ?

వాడు సగం తిన్న కంచం ముందు కూర్చుని ఉన్నాడు. చేయి కడుక్కున్నాడు. రెండో రాయి తీసుకుని జేబులో వేసుకుని, “దీన్ని కూడా ఎవరికన్నా అమ్మేస్తావు” అని వెళ్లిపోయాడు. వాడూ చెంచయ్య దగ్గరే ఉంగరం చేయించుకున్నాడని, మైపాడులో ఇంజన్ల పనికి చేరాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆకలైతే వాడే వస్తాడని నేను ఎదురుచూశాను. ఫోన్ చేయలేదు. మొదటిసారి ఫోన్ చేసింది ఈ నెల నాలుగున.

నవంబర్ 13

వెన్నెల ఫోన్ చేసింది. “మీ తమ్ముడు ఫోన్ చేసినాడా అక్కా?”

లేదన్నాను. “మీ ఆయన?” అన్నాను. “లేదక్కా.”

నవంబర్ 14

ఇవాళ కూడా. అవే మాటలు.

తమ్ముడు ఫోన్ చేశాడని నేను చెబితే ఆమె గతి ఏమిటో నాకు తెలుసు. భర్త చేశాడని ఆమె చెబితే నా గతి ఏమిటో ఆమెకూ తెలుసు. అయినా అడుగుతుంది. నేనూ అడుగుతాను. ఫోన్ పెట్టేటప్పుడు ఇద్దరమూ జాగ్రత్త అనుకుంటాం.

నవంబర్ 15

ఫోన్ రాలేదు. సాయంత్రందాకా చూసి నేనే చేశాను. పాపకు జ్వరమట, అందుకని మరిచిపోయిందట. వాళ్లకు మూడేళ్ల పాప ఉందని ఇవాళే తెలిసింది. ఆ రోజు ఇంట్లో ఏ మూల ఉందో, నేను చూడలేదు.

ఈ ఊళ్లో నాతో రోజూ మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. తాజుద్దీన్ అన్నతో రెండు మాటలు, అంతే. వెన్నెల ఫోన్ కోసం నేను ఎదురుచూస్తున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది.

నవంబర్ 16

తాజుద్దీన్ అన్నకు అంతా చెప్పాను. ఆయన దూది వేళ్లతో విడదీస్తూ, “ముందే చెప్పుంటే మైపాడుకి నేనూ వచ్చేవాణ్ణి గదా” అన్నాడు.

నవంబర్ 17

పొద్దున పదకొండింటికి ఫోన్. ఎప్పుడూ చేసే వేళ కాదు.

“అక్కా! చేసినాడక్కా! మా ఆయన ఫోన్ చేసినాడు! ఒడిశాలో రొయ్య పిల్లల హేచరీలో పనిలో ఉండాడంట. ఫోను అమ్మేసుకున్నాడంట. ఎవురో మన పక్కోళ్లు కనపడి, నీకు కర్మ చేయబోయినారురా అంటే ఏడ్చుకుంటా చేసినాడు. రేపు బయలుదేరతా ఉండాడు. అక్కా, నా దేవుడు…”

వెనక పిచ్చమ్మ నవ్వో ఏడుపో తెలియని అరుపు. పాప కూడా ఏదో అరుస్తోంది.

“మంచిదమ్మా” అన్నాను. “చాలా మంచి మాట చెప్పావు.”

అప్పుడు వెన్నెల ఆగింది. ఫోన్ పట్టుకుని ఆ సందడిలోంచి ఎక్కడికో నడిచినట్టుంది, అరుపులు దూరమయ్యాయి.

“అక్కా.”

“చెప్పమ్మా.”

“ఉంగరం ఉండాదా అని అడిగినా. వద్దనుకుంటానే అడిగినా. ఉండాదన్నాడు.”

“సరేనమ్మా.”

“ఇంకెవురన్నా అట్టాంటి రాయి…” అంది. నన్ను మరిపించడానికి చూసింది, చిన్నపిల్ల.

“లేదమ్మా. రెండే చేశాను” అన్నాను. “పాపకు జ్వరం తగ్గిందా?”

తగ్గిందంది. ఏడుస్తోంది. నేను ఫోన్ పెట్టేశాను.

నవంబర్ 18

కొట్టు తీయలేదు.

నవంబర్ 19

తీయలేదు.

నవంబర్ 21

వాడి అన్నం కంచం నేను ఆ రోజు తీయలేదు. కోపంతో మర్నాటిదాకా అలాగే ఉంచాను, చీమలు పట్టేదాకా. ఇది ఎక్కడా రాయలేదు.

నవంబర్ 27

రిపోర్టు వచ్చింది. ముత్యాలయ్య గారు ఫోన్‌లో చెప్పకుండా స్వయంగా వచ్చారు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

“మీ రక్తంతోనే కలిసిందమ్మా.”

నాకు తెలుసన్నాను.

“ఇంకొకటి కూడా తెలిసింది. మీవాడు పోయిన పొద్దు సముద్రంలోకి పోవద్దని హెచ్చరిక ఉండాది. మైపాడులో ఒక పడవ ఓనరు ముందు రోజే జనాన్ని వేటకు పంపించినాడు. ఇంజను ఆగిపోయి పడవ లోపలే నిలబడిపోతే, బాగుచేసేదానికి చిన్న పడవలో మీవాణ్ణి తీసుకుపోయినారు. ఇంజను బాగుచేసినాడంట. అందులో ఉండిన ఆరుగురూ ఒడ్డుకొచ్చినారు. తిరిగొచ్చేటప్పుడు అల కొట్టి చిన్న పడవలోంచి మీవాడు పడిపోయినాడు. కేసవతాదని ఓనరు అందరి నోళ్లు మూయించినాడు. నిన్న ఆ ఆరుగురిలో ఒకతను స్టేషన్‌కొచ్చి చెప్పేసినాడు.”

“ఇంజను బాగయ్యిందా?” అని అడిగాను. ఏం అడగాలో తెలియక.

“అయ్యిందమ్మా. దానిమీదనే వచ్చినారు వాళ్లు.”

ఆయన వెళుతూ, “ఆ పొద్దు స్టేషన్లో మిమ్మల్ని నిలబెట్టి మాట్లాడినా, మనసులో పెట్టుకోబాకండి” అన్నారు.

నవంబర్ 28

పొద్దున తాజుద్దీన్ అన్న, మసీదు పెద్దలు వెళ్లి అజార్‌ను తెచ్చారు. గుసుల్, అదే చివరి స్నానం, చేయించే వీలు లేదన్నారు. కఫన్ బట్ట చుట్టే తెచ్చారు. నన్ను మొహం చూడనివ్వలేదు. చూడవద్దు జమాలూ, నీకు గుర్తున్న మొహమే ఉంచుకో అన్నాడు అన్న. బట్ట మీదనుంచే తల ఎక్కడుందో చూసుకుని చేయి వేశాను. నేను అన్న మాటకు మన్నించరా అన్నాను. చుట్టూ జనం ఉన్నారు, పైకే అన్నాను.

పదిన్నరకు వెన్నెల వచ్చింది, పిచ్చమ్మ, పాప, పెంచలకృష్ణ. కోటనుంచి రెండు బస్సులు మారి వచ్చారు. వెన్నెల నేరుగా ఆడవాళ్ల మధ్యకు వచ్చి నా పక్కన కూర్చుంది. పరంజ్యోతి కూడా వచ్చింది, అజార్ బ్యాగు తెచ్చింది. పెంచలకృష్ణ గుమ్మం బయట, చెప్పులు విప్పి, ఎటు నిలబడాలో తెలియనట్టు గోడకు ఆనుకుని ఉన్నాడు. ఏప్రిల్‌లో వచ్చినప్పటికంటే సగమయ్యాడు. కుడిచేయి జేబులోంచి తీయలేదు.

జనాజా పాడె లేపే వేళకు అతను తాజుద్దీన్ అన్న దగ్గరికి వెళ్లాడు. “అన్నా, మీ పద్ధతి నాకు తెలియదు. నేను భుజం పట్టొచ్చునా?” అని అడిగాడు. అన్న నావైపు చూశాడు. నేను తల ఊపాను. అన్న తన భుజం మీది కర్రను అతని భుజం మీదికి మార్చాడు.

ఆడవాళ్లం గుమ్మందాకే. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత వెన్నెల నన్ను లోపలికి తీసుకొచ్చి నీళ్లు తాగించింది.

మధ్యాహ్నానికి మగవాళ్లు తిరిగొచ్చారు. పెంచలకృష్ణ మెట్టు మీద కూర్చున్నాడు. ఏమన్నా మాట్లాడాలని అనిపించిందేమో, “బొత్తిగా తేలిగ్గా ఉండాడక్కా” అన్నాడు.

“చిన్నప్పుడు మహా బరువుండేవాడయ్యా” అన్నాను. “చంకలో వేసుకుని బజారుకు పోయొచ్చేసరికి నా నడుం పడిపోయేది. దించితే ఏడ్చేవాడు. దించేదాన్నే కాదు.”